పద్నాలుగో చోటు

కిందటి వారం మనం ఈ ఇంటి గడప దగ్గర ఆగేసరికి, వడ్రంగి తమ్ముడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అక్క పిలిచిన పనికి వచ్చి నిలబడ్డాడు. ముందుగదిలో ఇనప మంచం తొమ్మిది నెలలుగా ఎక్కడుందో అక్కడే ఉంది. దాని మీదే ఆమె భర్త పోయాడు. తపాలా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు విడదీసి, గుండె జబ్బుతో మంచం పట్టిన మనిషి. కూతురికి సోమవారం మందుల పరీక్ష. అది గట్టెక్కితే ఏ ఆసుపత్రిలోనైనా మందులిచ్చే కిటికీ వెనక కుర్చీ వేస్తారు. మూడుసార్లే రాయనిస్తారు. రెండుసార్లు అయిపోయాయి. ఈ రోజు శనివారం.

తగువు అప్పటికే పాకాన పడింది.

"రెండు రోజులమ్మా. రెండంటే రెండే. సోమవారం సాయంత్రం నేనే విప్పి గుమ్మం బయట పెడతాను, చాలా?"

"సోమవారం మీ మామయ్యకి బండి దొరకదు. ఇవాళ దొరికింది, ఇవాళే తీసుకెళ్తాడు."

"బండి లేకపోతే నెత్తిన పెట్టుకు పోతాలే అక్కా" అన్నాడు తమ్ముడు. "నా నెత్తి మీద ఇప్పుడు కొత్తగా పాడయ్యేదేముంది, జుట్టా?"

"నువ్వూరుకోరా. దాన్ని ఇంకా ఎగదోస్తావేం?"

"నేనెవర్నీ ఎగదోయలేదు తల్లీ. వడ్రంగిని. విప్పమంటే విప్పుతా, బిగించమంటే బిగిస్తా. మీ ఆడవాళ్ళ మధ్య దూరితే నా సుత్తి కూడా నా మాట వినదు."

కూతురు మంచం కోడు పట్టుకుని నిలబడింది. "మామయ్యా, నిజంగానే చెబుతున్నా. ఇది కదిపితే నా కంటి చుక్కలు పోతాయి."

"కంటి చుక్కలా! మంచం మీద కంటి చుక్కలేంటే డాక్టరమ్మా?"

ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికైనా అది పిచ్చిమాటలాగే ఉంటుంది. ఆమె భర్త ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ వీధి ఉత్తరం ఏ గూట్లో వేయాలో గుర్తుండక రోజూ చీవాట్లు తినేవాడట. అప్పుడొక ముసలి ఉద్యోగి జాలిపడి, "వీధుల్ని తలలో పెట్టుకోకోయ్, మీ ఇంట్లో పెట్టుకో. తలలో పెట్టింది పోతుంది, ఇంట్లో పెట్టింది ఉంటుంది" అని చెప్పాడట. మొదటి వీధి గడప మీద, రెండోది చెప్పుల అరలో, మూడోది అద్దం ముందు. కళ్ళు మూసుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగితే ఊరంతా తిరిగినట్టే. మంచం పట్టాక ఆ విద్యనే ఆయన కూతురికి నేర్పాడు. ముప్ఫై పాఠాలు, ముప్ఫై చోట్లు. ప్రతి చోటా ఒక వింత బొమ్మ ఉండాలనేవాడు. మామూలుది మనసుకి ఆనదు, విడ్డూరమే అతుక్కుంటుంది. అందుకే గడప మీద ఒకడు బొటనవేలు కొట్టుకుని ఒంటికాలి మీద గెంతుతుంటాడు, నొప్పి మాత్రల పాఠం వాడి చేతిలో ఉంటుంది. చెప్పుల అరలో చెప్పులన్నిటికీ జ్వరమొచ్చి చెమటలు పడుతుంటాయి. నీళ్ళ డ్రమ్ము మీద ఒక లావుపాటి ఆసామి గురకపెడుతుంటాడు, అవి నిద్ర మాత్రలు. ఒకసారి ఆమె దుమ్ము దులుపుతూ అద్దాన్ని ఇంకో గోడకి మార్చింది. పిల్లకి దురదల మందులు రెండు రోజులపాటు దొరకలేదు. "మీ అమ్మ ఇల్లు సర్దిందంటే నీ సిలబస్ మారినట్టే" అని ఆయన మంచం మీద పడి పడి నవ్వాడు. అంతగా నవ్వకూడదని డాక్టరు చెప్పినా సరే.

ఆ నవ్వులన్నీ ఎటు పోయాయో!

"సరే, నీ చుక్కలేవో మా ఇంట్లో పెట్టుకో" అన్నాడు తమ్ముడు. "మంచం నాతోనే వస్తుంది కదా, పాఠం కూడా దాంతోపాటే వస్తుంది. పరీక్షలో ఓ నాలుగడుగులు మా ఇంటి దాకా నడువు. మీ అత్త కాఫీ కూడా ఇస్తుంది."

ఎవరూ నవ్వలేదు. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చున్న ఆమె అత్తగారు, పోయినాయన తల్లి, మోకాళ్ళు రుద్దుకుంటూ అటూ ఇటూ చూసి, "పోనీ, రెండు రోజులేగా అమ్మాయ్" అంది మెల్లగా.

ఆమె అత్తగారి వైపు చూడలేదు. తొమ్మిది నెలలుగా చూడడం మానేసింది. కంచం పెడుతుంది, మందు బిళ్ళ ఇస్తుంది, వేడినీళ్ళు తోడుతుంది. మాట మాత్రం గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "ఓ పావుగంట ముందు ఎవరైనా చూసి ఉంటే" అన్నాడు. కూతురు జిరాక్సులకని బయటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆయన పోయి ఉన్నాడట. ఆమేమో ఆ వేళకి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. ఇక ఇంట్లో ఉన్నదెవరు? ఆ మాట ఆమె అత్తగారి మొహం మీదే అంది, ఒక్కసారే: "ఇంట్లో ఉన్నది మీరేగా." ఆవిడ తల దించుకుంది. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే ఒప్పుకోవడమని ఆమె లెక్క.

"పోనీ అనడానికి మీకేం" అంది ఇప్పుడు, గోడకేసి. "రోజూ తలుపు తీసుకుని లోపలికొచ్చేది నేను."

అంతకన్నా ఆమె చెప్పలేదు, చెప్పలేకపోయింది కూడా. ఎనిమిది గంటలు ఆవిరిలో నిలబడి, నాలుగు మూలలు కలిపి, సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, అలా ఒంట్లో ఓపికంతా మడతలు పెట్టేసి ఇంటికొస్తుంది. వీధి తలుపు దగ్గర మంచం కనిపించదు, బీరువా అడ్డం. చెప్పులు విడిచి బీరువా దాటే ఆ నాలుగడుగుల్లో ప్రతిరోజూ ఆమె మరిచిపోతుంది. "వచ్చాను" అనడానికి నోరు తెరుస్తుంది. అప్పుడు ఖాళీ మంచం. రోజుకొకసారి చొప్పున తొమ్మిది నెలలుగా ఆయన పోతూనే ఉన్నాడు.

"నా మాట వినమ్మా..."

"ఎందుకు వినాలి?" ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది. "రెండుసార్లు తప్పావు. ఈ మంచం ఇక్కడ ఉండగానే తప్పావు. అది నీకు ఒరగబెట్టిందేముంది? నీకేం గుర్తుంచింది?"

కూతురు చెయ్యి కోడు మీద నుంచి జారిపోయింది.

ఆమె తమ్ముడికి సైగ చేసింది. అతను ఒక్క క్షణం తటపటాయించి, కిందికి వంగి, తలవైపు బోల్టుకి స్పానర్ తగిలించాడు. తుప్పు పట్టిన బోల్టు కీచుమంది.

"వద్దు మామయ్యా! నాన్న లేచి వెళ్ళిపోతాడు!"

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నావు?" అంది ఆమె.

కూతురు గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్లలా మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. "పదమూడు చోట్ల దాకా బాగానే వెళ్తాను. గడప, చెప్పుల అర, అద్దం, కిటికీ, అన్నీ చెప్పినట్టు వస్తాయి. బీరువా పదమూడోది. అది దాటగానే మంచం. మంచం మీద నాన్న. ఇక అక్కణ్ణించి కాలు పడదు. టైమ్ అయిపోయిందని కాగితం లాక్కునేదాకా అక్కడే నిలబడతాను. రెండుసార్లూ అంతే. పద్నాలుగో పాఠం నుంచి ఒక్క ప్రశ్న ముట్టుకోలేదమ్మా. అన్నీ వచ్చు. అన్నీ అవతల ఉన్నాయి."

"మరి పెరటి గుమ్మం నుంచి రాకపోయావా పిచ్చిదానా?" తమ్ముడు నేలమీదే కూర్చుండిపోయాడు. "వెనక నుంచి మొదలుపెడితే సగం పాఠాలైనా దక్కేవిగా."

"వచ్చాను మామయ్యా, రెండోసారి అలాగే వచ్చాను. అది ఇంకా ఘోరం. వంటింట్లో నుంచి చూస్తే అడ్డం బీరువా లేదుగా. మొదటి అడుగులోనే కనిపిస్తాడు. అందుకే వద్దంటున్నాను. ఇప్పుడు కనీసం ఒక చోట ఉన్నాడు. మంచం కూడా తీసేస్తే ఎక్కడుంటాడు? ఇల్లంతా తిరుగుతాడు. ఆ పదమూడు కూడా పోతాయి నాకు."

ఆమెకి కూతురి పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చుని ఉంటే ఈ కథ ఇంకో దారిన పోయేదేమో. కానీ కాళ్ళు కదలలేదు. ఆమె బుర్రలో ఎక్కడో ఒక మడత సరిగ్గా కుదరడం లేదు. నాలుగు మూలలు కలవని దుప్పటిలా.

"తండ్రి పోతే ఎవరికైనా బాధే" అంది నెమ్మదిగా. "కానీ నువ్వు ఇంట్లో లేవుగా. జిరాక్సులకి వెళ్ళావుగా. మంచం మీద ఆయన్ని చూసి అంతలా ఎందుకు ఆగిపోతున్నావు?"

కూతురు నాన్నమ్మ వైపు చూసింది. పీట మీద అత్తగారి చేతులు మోకాళ్ళ మీద ఆగిపోయాయి.

"వెళ్ళావా, లేదా?"

"లేదు."

ఆ పిల్ల మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు చోట్లన్నీ అప్పజెబుతున్నాను నాన్నకి" అంది కూతురు. గొంతులో ఏడుపు లేదు. పాఠం చెబుతున్నట్టే ఉంది. "మా పద్ధతి నీకు తెలుసుగా. పుస్తకం ఆయన చేతిలో ఉంటుంది. నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని చెబుతాను. ఒప్పయితే ఊఁ అంటాడు. తప్పయితే ఏమీ అనడు. ఒప్పు చెప్పేదాకా కళ్ళు తెరవకూడదు, వెనక్కి తిరగకూడదు. ఆ నియమం ఆయన పెట్టిందే."

తెలుసు. ఆమెకి తెలుసు. కథ వింటున్న పసివాడిలా ఆయన ఒక్కో మందు పేరుకీ ఊఁ కొడుతుంటే వంటింట్లోంచి తను విసుక్కునేది, "ఏం తండ్రీకూతుళ్ళో, చెప్పేవాళ్ళకి పని లేదు, ఊఁ కొట్టేవాళ్ళకి అంతకన్నా లేదు" అని.

"కంటి చుక్కల పాఠంలో ఆరు పేర్లుంటాయి. నాలుగింటికి ఊఁ అన్నాడు. ఐదోది చెప్పాను. ఊఁ అనలేదు. తప్పేమో అనుకున్నాను. ఇంకోటి చెప్పాను. అనలేదు. ఇంకోటి చెప్పాను. నవ్వొచ్చింది నాకు. ఉండు నాన్నా, చెప్పకు, చెప్పకు, నాకే వస్తుంది అన్నాను." ఆ పిల్ల నోరు ఒకవైపుకి వంకర తిరిగింది. "చెప్పకు అన్నాను అమ్మా."

తమ్ముడు స్పానర్‌ని చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

"తరవాత పుస్తకంలో చూశాను. నేను మొదటిసారి చెప్పిందే కరెక్టు."

ఆమె అడిగింది ఒక్కటే. అడగకూడదని తెలిసీ అడిగింది. "ఎంతసేపు?"

"అమ్మా..."

"ఎంతసేపు తిరక్కుండా ఉన్నావు?"

"ఓ పావుగంట. కొంచెం ఎక్కువేనేమో."

పావుగంట. తొమ్మిది నెలలపాటు ఆ పావుగంటకి ఆమె ఒక మొహం తగిలించుకుని బతికింది. ముసలి మొహం, పంటి వెనక మాట దాచుకున్న మొహం. ఆ మొహాన్ని చూడకుండా అన్నం వడ్డించడమే తన ఓదార్పు. ఇప్పుడు ఆ పావుగంటకి ఇంకో మొహం వచ్చింది. ఆ మొహానికి తన ముక్కు, ఆయన కళ్ళు.

ఆమె అత్తగారి వైపు తిరిగింది, తొమ్మిది నెలల తరవాత మొదటిసారి.

"మీకు తెలుసా?"

అత్తగారు కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. "లోపల పడుకుని వింటూనే ఉన్నానమ్మా. మధ్యలో వాడి ఊఁ ఆగిపోయిందని నాకూ తెలిసింది. పిల్ల ఏదో తప్పు చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. లేచి రాలేదు. మోకాళ్ళ నొప్పి. వాడు నా కొడుకు, వాడి ఊపిరి ఆగింది నాకూ తెలియలేదు. ఇందులో ఎవరి తప్పు ఎంతని కొలుస్తావు?"

"నేనంతమాట అన్నప్పుడు చెప్పొచ్చుగా?"

"చెప్పి? నువ్వు నన్ను పలకరించకపోతే నా ప్రాణం పోదు, పోయే ప్రాణమే ఇది. ఇంత వయసులో నాకెందుకు పలకరింపులు! దాన్ని పలకరించకపోతే అది ఏమైపోను? జిరాక్సులని చెప్పమన్నది కూడా నేనే."

ఇలాంటప్పుడు ఏడుపు రావాలి. ఎవరో ఒకరు లేచి ఎవరినో ఒకర్ని కౌగిలించుకోవాలి. ఆ ఇంట్లో అలాంటిదేమీ జరగలేదు. నాలుగు ప్రాణులు నాలుగు మూలల్లో ఉండిపోయాయి, ఎవరి మూల వాళ్ళు పట్టుకుని, మధ్యలో మంచంతో. దుప్పటి మడతపెట్టాలంటే మూలల్లో ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఎదురు నడవాలి. రోజుకి నాలుగు వందలసార్లు ఆమె చేసే పనే అది. ఈ రోజు చేతకాలేదు. కూతురి మీద కోపం లేదని చెప్పాలని ఆమె లోపల వెతుక్కుంది. వెతికిన కొద్దీ కోపమే చేతికి తగిలింది. దాని కింద ఇంకేదైనా ఉందేమో చూసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

చివరికి తమ్ముడే లేచాడు. కీచుమన్న బోల్టుని మళ్ళీ బిగించాడు. "బండివాడికి ఫోన్ చేసి వద్దని చెబుతాలే అక్కా" అని, ఆమె అవుననేదాకా ఆగకుండా గుమ్మంలోకి వెళ్ళాడు.

మధ్యాహ్నం దాటిపోయింది కాబట్టి భోజనాలు చేయాలి. ఎంత పెద్ద మాట పడ్డా ఆకలి దాని టైముకి అది వస్తుంది. ఆమె నలుగురికీ కంచాలు పెట్టింది. అత్తగారి కంచంలో వడ్డిస్తూ, "ఇంకొంచెం వేయనా అత్తయ్యా?" అంది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టిన చెయ్యి కాసేపు తియ్యలేదు. ఆమె గరిట పట్టుకుని ఆ చేతినే చూస్తూ నిలబడింది.

కూతురు భోజనానికి కూర్చోలేదు. లోపలి గదిలోకి వెళ్ళి చేతిలో ఒక పొట్లంతో తిరిగి వచ్చింది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. నిన్న సాయంత్రం లాండ్రీ సూపర్‌వైజరు తనకిచ్చిన పొట్లమే. "సోమవారానికి ఇది" అని నవ్వి ఊరుకుంది ఆవిడ. కొత్త ఏప్రన్ అనుకుని, విప్పి చూడకుండానే ఆమె లోపలి గదిలో ఓ మూల పడేసింది. తన పాత ఏప్రన్‌కి చిరుగు పడి మూడు వారాలైంది మరి.

కూతురు పొట్లం విప్పింది. తెల్లటి ఏప్రన్. ఆమెకి పట్టే కొలత కాదు. సన్నగా ఉన్న మనిషికి సరిపోయే కొలత.

"అందరికీ ఒక మాట చెప్పాలి" అంది కూతురు. గొంతు పెంచలేదు. నీళ్ళ గ్లాసు ఇటివ్వమని అడిగినట్టే అంది. పద్ధతి ప్రకారం గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుంది. "సోమవారం నేను పరీక్షకి వెళ్ళడం లేదు. పొద్దున ఎనిమిదింటి షిఫ్టుకి అమ్మతో పాటు లాండ్రీకి వెళ్తున్నాను. పరీక్షకి ధైర్యం చాలకపోతే వస్తానని సూపర్‌వైజరు గారితో మొన్ననే మాట్లాడి పెట్టుకున్నాను. హాల్ టికెట్ ఇప్పుడే చించేశాను."

తమ్ముడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ఆమె గరిట ఇంకా గాల్లోనే ఉంది.

కూతురు చెప్పడం అయిపోయింది. అయినా కళ్ళు తెరవలేదు. ఏప్రన్‌ని గుండెకి అదుముకుని, గోడవైపు తిరిగి, అలాగే నిలబడి ఉంది.

ఎవరూ ఊఁ అనలేదు.